తలుపు తీసి వేసే పూత

గంగరాజుకు వాసన తెలియదు. మల్లెపూలు, మురిగిన చేప, కాగుతున్న నెయ్యి, అన్నీ అతనికి ఒకటే.

యుద్ధకాలంలో విశాఖపట్నం మిలిటరీ షెడ్డులో లారీలకు రంగు వేశాడు. యుద్ధం ముగిశాక, మిగిలిన బళ్ళను ఉప్పుగాలి తినకుండా ఒక పూత పూసి నిలిపారు. ఆరితే అది పల్చటి తోలులా పట్టుకుంటుంది. అక్కర తీరాక అరటితొక్కలా ఒలిచెయ్యవచ్చు. ఆ పూతను పల్చన చేయడానికి కలిపే ఘాటైన తిన్నరు ద్రవమే అతని ముక్కును చంపింది. ఆ షెడ్డులోనే ఒక వానరోజున తలుపులు మూసి పని చేస్తుండగా, ఏడుకొండలు అనే తోటి పనివాడు బీడీకి అగ్గిపుల్ల గీశాడు. బీడీ కంటే ముందు, తిన్నరు ఆవిరి నిండిన గాలి అంటుకుంది. గంగరాజు తలుపు పక్కన ఉన్నాడు కనుక మిగిలాడు.

అమలాపురం తిరిగొచ్చి బస్సులకు, పడవలకు రంగులు వేస్తూ బతికాడు. పూత పని దొరికితే మాత్రం భార్య సూర్యావతిని వెంట తీసుకెళ్ళేవాడు. ఆమె గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేది. కళ్ళు మండితే పిలిచేది. పిలవగానే అతను కుంచె వదిలి బయటికి వచ్చేవాడు. ఆమె సరే అనేదాకా మళ్ళీ లోపల అడుగు పెట్టేవాడు కాదు.

"ఏం గంగరాజూ, ఆవిడింకా పిలవలేదా?" అని బస్సు డ్రైవర్లు ఏడిపించేవారు.

"పిలిచినప్పుడు మీరూ వద్దురుగాని లెండి," అనేవాడు.

ఒక ఆషాఢంలో అంబాజీపేట కొబ్బరి వర్తకుడు బుల్లిరాజు కబురు పెట్టాడు. రాజమండ్రిలో కొన్న నల్లకారు వానలు తగ్గేదాకా కొబ్బరికొట్టులోనే ఉండాలి. దాని నిగనిగ పోకూడదు. గంగరాజు పూత మొదలుపెట్టాడు. అంతలో ముసురు పట్టింది. తడిగాలికి పూత మీద పాలమీగడలాంటి తెలుపు దిగింది.

బుల్లిరాజు తల్లి వీరాయమ్మ వచ్చి చూసింది. ఆ కొట్టులో ఎండే కురిడీ కొబ్బరికాయలకు ఏనాడూ చెమ్మ తగలనివ్వని మనిషి ఆవిడ.

"చెమ్మ పట్టిందిరా. తలుపులు బిగించి, కొబ్బరిచిప్పల బొగ్గుతో కుంపటి పెడితే పోద్ది. కొబ్బరికి అలాగే చేత్తాం."

"ఆయ్, చెమ్మేనండి. నిప్పు మాత్రం వద్దండి అమ్మగారూ."

"పోనీ తలుపైనా మూయి."

"మూయనండి."

బుల్లిరాజు చిరాకు పడ్డాడు. "ఇంకో చెయ్యి పూత వేస్తే తెలుపు పోదా?"

"పోద్దండి. ఎండొచ్చి ఇది ఆరాక వెయ్యాలి. పచ్చి మీద పచ్చి వేస్తే తిన్నరు కిందికి దిగి అసలు రంగుని నానబెడతాది. ఒలిచినప్పుడు మీ నలుపంతా దాంతోనే ఊడొస్తాదండి."

"రామచంద్రపురం నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తాను."

"పిలిపించండి. ఆయన్నీ తలుపు మూయనివ్వను."

ఆ సాయంత్రం వీరాయమ్మే కుంపటి రాజేసి తెచ్చింది. వాకిట్లో నూతి దగ్గర నుంచే కేకేసింది.

"లే అమ్మాయ్, దారియ్యి."

సూర్యావతి గడప దగ్గరి పీట మీంచి లేవలేదు. గంగరాజు డబ్బా మూత బిగించి వచ్చి, రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి నిలబడ్డాడు.

"అక్కడే ఆగండమ్మగారూ. ఈ ఆవిరి నేలమీద పాకుతాది. గడప దాటేసిందో ఏమో నాకు తెలీదు. మా ఆవిడ కళ్ళు చూడండి."

సూర్యావతి కళ్ళు ఎర్రబడి కారుతున్నాయి.

"ఊరందరికీ తెలిసిన పని నాకు నేర్పుతావా?"

"కొబ్బరి సంగతి మీరు చెప్పండి, వింటాను. దీనికి మాత్రం నిప్పు రానివ్వను. కూలి ఇవ్వకపోయినా పర్లేదండి, ఇక్కడే ఉంటాను."

వీరాయమ్మ కుంపటి నూతి పక్కన దించింది. ఒట్టి చేతులతో గడప దాకా వచ్చి, కురిడీ బాగుందో మక్కిందో చూసేటప్పుడు వంగినట్టే వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. దగ్గు ఆగలేదు. కొంగుతో ముక్కు మూసుకుని వెనక్కి నడిచి, నూతి దగ్గరి చేదతో నీళ్ళు తెచ్చి కుంపట్లో కుమ్మరించింది.

"తెల్లగా ఉంటే ఉండనీరా," అంది దగ్గు విని వచ్చిన కొడుకుతో. "ఎండ రానీ."

ముసురు విడవడానికి వారం పైనే పట్టింది. ఎండ కాసిన రోజు గంగరాజు మళ్ళీ కుంచె పట్టాడు. గడప దగ్గర ఆ రోజు రెండు పీటలున్నాయి.

"ఒరేయ్ గంగరాజూ, ఇంక బయటికి రా," అంది వీరాయమ్మ.

"అప్పుడేనాండీ? నాకింకా మండట్లేదు," అంది సూర్యావతి.

"నా ముక్కు నీ ముక్కు కంటే పాతదే."

గంగరాజు కుంచె వదిలి బయటికి వచ్చాడు.