గోడ మీద నా సర్టిఫికెట్

తొంభైల నడుమ మాట. నర్సింగ్ డిప్లొమా చేతికొచ్చిన రోజున ఇక నాకు తెలియని పని లేదనుకున్నాను. మా ఇల్లు శాలిబండలో. తాతల నాటి నుంచి పాల వ్యాపారం. ఇంట్లో తెల్లగా ఉండేవి పాలు ఒక్కటే, మిగతా అన్నిటికీ ఎక్కడో ఒకచోట పేడ మరక ఉండేది. అలాంటి ఇంట్లోకి నేను తెల్ల యూనిఫాం తెచ్చేసరికి బాపు ఆగలేకపోయాడు. పాలు పోసే ప్రతి గడప దగ్గరా క్యాను దించి, "మా బిడ్డ పెద్ద నర్సమ్మ అయింది" అని చెప్పి వచ్చాడు.

దాని ఫలం నేను అనుభవించాను. నెల తిరక్కుండానే గల్లీ మొత్తం పలకరింపులు మొదలుపెట్టింది. "ఏందమ్మా, ఇంకా డ్యూటీ ఎక్కలే?" అని ఒకరు, "నౌకరీ దొరుకుతలేదా, ఏమన్న లొల్లి ఉన్నదా?" అని ఇంకొకరు. నీళ్లకు పోవాలన్నా సిగ్గయ్యేది.

దొరకడం లేదు, నిజమే. ఏ ఆసుపత్రికి పోయినా ఫైలు తిరగేసి ఒకటే ప్రశ్న: ఎక్స్‌పీరియెన్స్ ఉందా? కంచన్‌బాగ్ దిక్కున ఒక డిస్పెన్సరీలోనూ అదే అడిగారు. నాలుగో చోటో ఐదో చోటో నాకు ఒళ్లు మండింది. "ఉద్యోగం ఎవరూ ఇవ్వకపోతే ఎక్స్‌పీరియెన్స్ ఎక్కడి నుంచి తేవాలి సార్? బేగంబజార్లో హోల్‌సేల్‌గా అమ్ముతారా?" అన్నాను. ఆయన పకపకా నవ్వి ఫైలు నా చేతిలో పెట్టాడు. నా నోటి దురుసు గురించి అమ్మ చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది.

చివరికి బాపే దారి చూపించాడు. ఆయన పాలు పోసే ఇళ్లలో ఒక డాక్టరమ్మ ఇల్లు ఉంది. ఆమెది కోస్తా. పది పన్నెండు మంచాల నర్సింగ్ హోమ్ నడిపేది, కింద మందుల దుకాణం, పైన ఆసుపత్రి. బాపు ఏం చెప్పుకున్నాడో గానీ రమ్మని కబురు వచ్చింది. ఆమె నన్ను చూసినదానికంటే నా సర్టిఫికెట్‌ను ఎక్కువసేపు చూసింది.

"రిజిస్ట్రేషన్ అయిందా? మంచిది. దీన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టిస్తాను. నువ్వు రోజూ రానక్కర్లేదమ్మా. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కబురు చేస్తాను, వచ్చి నిలబడితే చాలు" అంది.

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. నర్సింగ్ హోమ్‌కు అనుమతి ఉండాలంటే చదువుకున్న నర్సు ఉండాలి. పని చేసేవాళ్లేమో అక్కడే చూసి చూసి నేర్చుకున్నవాళ్లు. అంచేత ఆమెకు కావలసింది నా కాగితం, నేను కాదు. ఇలాంటి ఏర్పాటు ఆ ఒక్కచోటే కాదని తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం నా ముఖం మాడిపోయింది.

"గోడకు వేలాడడానికి చదువుకోలేదండీ. రోజూ వస్తాను. ఏడాది చేశాక, చేశానని కాగితం రాసివ్వండి, చాలు" అన్నాను. ఆమె కళ్లజోడు పైనుంచి చూసి సరేనంది. ఆ అనుభవం కాగితం కోసమే అక్కడ చేరాను. అది చేతికొస్తే పెద్ద ఆసుపత్రులు, రాకపోతే మళ్లీ గల్లీ పలకరింపులు.

అక్కడ అందరూ ఆపా, అంటే అక్క, అని పిలిచే ఒకామె ఉండేది. యాభై దాటిన మనిషి. బురఖాలో వచ్చి, మెట్ల దగ్గర మేకుకు దాన్ని తగిలించి, తెల్లకోటు తొడుక్కునేది. ఇరవయ్యేళ్ల కింద ఊడవడానికి చేరిందట. ఆ సంగతి తనే నాకు చెప్పింది, ఇంకెవరికీ చెప్పకు అన్నట్టు గొంతు తగ్గించి. ఇప్పుడు సూదులు, డ్రిప్పులు, కట్లు అన్నీ ఆమెవే. మందు పేరు ఇంగ్లీషులో చదవడం రాదు. డబ్బా చూసి గుర్తుపట్టేది, అయినా రెండుసార్లు అడిగి గానీ సూదిలోకి తీసేది కాదు.

చేరిన మొదటి రోజే వాంతులు, విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లను తెచ్చారు. డ్రిప్ పెట్టాలి. పుస్తకంలో ఉన్నట్టే రబ్బరు గొట్టం కట్టాను, గుచ్చాను. నరం దొరకలేదు. మళ్లీ గుచ్చాను. మూడోసారి తల్లి నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

"ఏందమ్మా, నా బిడ్డను జల్లెడ చేస్తున్నవా?"

ఆపా వచ్చి, పిల్ల చెయ్యి అందుకుని, కళ్లు మూసుకుంది. వేలితో నరం కోసం మెల్లగా తడిమి, ఒక్కసారికే పెట్టేసింది. పోతూ పోతూ నాతో, "నస్ కండ్లకు కనబడది బేటా, వేలికి కనబడ్తది" అంది.

కృతజ్ఞత కలగాల్సిన చోట నాకు కోపం వచ్చింది. చదువుకున్నదాన్ని నేను, నలుగురిలో పరువు పోయింది. పక్కకు పిలిచి, "గుచ్చేముందు స్పిరిట్ ఎంతసేపు రాయాలో తెలుసా? రాసి ఆరనివ్వాలి. నువ్వు తుడిచీ తుడవంగనే గుచ్చినవ్" అన్నాను. ఆమె చిన్నబుచ్చుకోలేదు.

"హౌ, సరే సిస్టర్ సాబ్, నువ్వు చెప్పు, నేను నేర్చుకుంట" అని నవ్వింది. ఆ రోజు నుంచి స్పిరిట్ ఆరేదాకా పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక తన చెయ్యి నా ఒళ్లో పెట్టేది. సన్నటి నరాలు, వేలు పెడితే పక్కకు జారేవి. "నాది దొరికిందంటే పట్నంల అందరిది దొరుకుతది. గుచ్చు, ఫికర్ చెయ్యకు" అనేది. నేను వద్దన్నా వినలేదు. ఎన్ని మధ్యాహ్నాలు ఆ చెయ్యి నా వల్ల కమిలిపోయిందో చెప్పలేను. ఇంట్లో అడిగితే తలుపు సందున పడిందని చెప్పేదట. ఎనిమిది నెలలు గడిచేసరికి పసిపిల్లలకు డ్రిప్ అంటే డాక్టరమ్మ నన్నే పిలవడం మొదలైంది.

పదకొండో నెలలో తనిఖీ వచ్చింది. మామూలుగా అయితే ముందే తెలిసేది, ఆ రోజు ఆపా ఇంటి దగ్గరే ఉండిపోయేది. ఈసారి కబురూ జీపూ ఒకేసారి వచ్చాయి. ఉన్నవి ఒకటే మెట్లు, ఆపా దిగిపోయే దారి లేదు. డాక్టరమ్మ వార్డులోకి పరుగున వచ్చి, ఆపా ఒంటి మీది తెల్లకోటు తనే లాగి బీరువాలో కుక్కింది.

"ఆ ఖాళీ మంచం మీద పడుకో. జ్వరం, నీరసం అని షీటు రాస్తాను." నా వైపు తిరిగి, "నువ్వు డ్రిప్ పెట్టు" అంది.

నేను కదలలేదు.

"నీ కాగితం వచ్చే నెలే కదా?" అంది మెల్లగా.

కదిలాను. గొట్టం కట్టాను. మొదటిసారి తప్పింది, దుప్పటి మీద రక్తం చుక్కలు పడ్డాయి. మెట్ల మీద బూట్ల చప్పుడు. అప్పుడు ఆపా పెదవి కదపకుండా అంది, "కండ్లు మూస్కో. ఇంకొంచెం కిందికి." కళ్లు మూసుకున్నాను. దొరికింది.

వచ్చిన అధికారి గోడ మీది సర్టిఫికెట్ చూశాడు, నన్ను చూశాడు. ఆపా చేతి దగ్గర ఆగి, "ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. నేనే సార్ అన్నాను. "ఈ వయసువాళ్లకు నరం దొరకడం కష్టం. చెయ్యి బాగా కుదిరింది" అని మెచ్చుకున్నాడు.

అంతటితో పోయి ఉంటే బాగుండేది. పక్క మంచం మీద కాన్పయి రెండు రోజులైన ఆమె ఉంది. ఇక్కడ సూదులు ఎవరు వేస్తారమ్మా అని అడిగాడు. పాపం ఆమెకేం తెలుసు, చెయ్యి చాపి చూపించింది. "గా ఆపానే సార్. ఆమె చేస్తే నొప్పి తెల్వది. ఏమైందో ఏమో, ఆమెకే పెట్టిన్రు ఇయ్యాల."

డాక్టరమ్మ నన్నే చూస్తోంది. అధికారి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈమె ఇక్కడ పనిచేస్తుందా?"

నా నోరు ఎవరి దగ్గరా ఊరుకునే నోరు కాదని చెప్పాను కదా. ఆ రోజు ఎంత వినయంగా పలికిందో. "లేదు సార్, పేషెంటే. ఇదివరకు ఊడవడానికి వచ్చేది. ఈ బాలింత పొరబడింది" అన్నాను.

ఆపా కళ్లు తెరవలేదు. అధికారి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. నేను డ్రిప్ తీసి దూది పెట్టాను. దూదిని వేలితో అదుముకుంటూ లేచి కూర్చుని, "నస్ మంచిగ దొరికిచ్చుకున్నవ్ బేటా" అంది. మేకుకున్న బురఖా తీసుకుని మెట్లు దిగింది.

తెల్లారి రాలేదు. అధికారికి అనుమానం వచ్చిందని, ఇంకో డిప్లొమా అమ్మాయిని తీసుకుంటున్నానని డాక్టరమ్మ చెప్పింది. "నువ్వు చెప్పినట్టే ఊడ్చే పనికి రమ్మన్నాను. రానంది" అని కూడా చెప్పింది. నువ్వు చెప్పినట్టే అంటే, అధికారితో నేనన్న మాటే. ఆపా ఇల్లు మా గల్లీకి పది నిమిషాల నడక. నేను పోలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ నెల గడిపాను. పోతే ఏం చెప్పాలో తెలియక కాదు, చెప్పాల్సింది తెలిసే పోలేదు.

కాగితం వచ్చింది. చిన్నపిల్లలకు, వృద్ధులకు నరం దొరికించుకోవడంలో మంచి నేర్పు ఉందని ప్రత్యేకంగా రాసింది డాక్టరమ్మ. దాన్ని పట్టుకుని మూసీ అవతల ఒక పెద్ద ఆసుపత్రికి పోయాను. మేట్రన్ ఆ వాక్యం దగ్గర ఆగింది.

"ఇది అందరికీ రాదు. ఎవరు నేర్పారు?"

"ట్రైనింగ్‌లోనే మేడమ్" అన్నాను. సోమవారం చేరమంది, పిల్లల వార్డులో.

బాపు సంతోషం పట్టలేక కోవా చేయించి, పాలు పోసే ఇళ్లన్నిటికీ గిన్నెలతో పంచాడు. ఆపా ఇంటికీ పాలు ఆయనే పోసేవాడు. ఆ సంగతి నేను మరిచిపోయాను. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, ఛాతీ పొంగించి చెప్పాడు.

"ఆపా మస్తు ఖుష్ అయింది బిడ్డా. పిల్లల వార్డుల ఇచ్చిన్రంటే దువా చేసింది. నీ తాన చానా నేర్చుకున్నదట గద. చదువుకున్నోళ్ల తాన ఉంటే గట్లుంటది అన్నది. ఏం నేర్పినవే ఆమెకు?"

గిన్నె నా చేతికిచ్చాడు. ఖాళీగా పంపలేదు ఆమె, అడుగున గుప్పెడు చక్కెర పోసింది.

"గుచ్చేముందు స్పిరిట్ ఆరనియ్యాలని చెప్పిన బాపూ" అన్నాను. "గంతే."