ఖాళీ మేకు

నిన్న ఇచ్చోడ నుంచి ఒక పంతులు వచ్చాడు. బస్సు దుమ్ము చొక్కా మీద అలాగే ఉంది. మా వారపత్రికకు ఈ వైపు జిల్లాల నుంచి వెళ్ళే ప్రత్యేక వ్యాసాల ఆలోచనలన్నీ ముందుగా నేను చూడాలని సంపాదకుడు నియమం పెట్టాడు. అందుకని నేనుండే మందమర్రి దాకా వచ్చి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పెట్టాడు. తొమ్మిది అంశాలు, వరుస నంబర్లతో. ఒకటి, పత్తి. రెండు, అడవి. మూడు, జాతర. నేను చదివి, "పత్తిని ఎవరన్న చదువుతరా సారూ? వడుకుతరు గని" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ఆయన కంటే ముందు నేనే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. ఏడేళ్ళ కింద పెద్దపల్లిలో మా బావ నన్ను కొట్టిన మాట అది. వస్తువు మారింది కానీ, ఈసడింపు అదే, పెదవి విరుపు కూడా అదే.

మా బావ అంటే మా అక్క భర్త. హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. ఇస్త్రీ ధోవతి, ఎడమ జేబులో ఎర్ర పెన్సిలు, కుడి జేబులో నస్యం డబ్బా. ఇంటి వెనకే బియ్యం మిల్లు ఉండేది. ఆ ఊక వాసన, ఈ నస్యం వాసన కలిసి ఆయన రాకముందే గదిలోకి వచ్చేవి. అప్పుడప్పుడు హైదరాబాదు వారపత్రికలో ఆయన పేరు కనిపించేది. అది వచ్చిన వారం ఆయన బజారులో మెల్లగా నడిచేవాడు, ఎవరూ చూడకుండా పోకూడదని. నేనప్పుడు డిప్లొమా పాసై కొత్తగా ఇక్కడి బొగ్గు గనిలో సర్వే పనికి చేరాను. గొలుసు పట్టి కొలవడం, కొలిచింది రాసుకోవడం, రాసుకున్నదానికి నంబరు వేయడం తప్ప నాకు వేరే లోకం లేదు. ఒక వారం పత్రికలో చిన్న ప్రకటన వచ్చింది. ఈ జిల్లాలకు ఇకమీదట ఒక్కరినే రచయితగా పెట్టుకుంటారట; నెలాఖరులోగా ఎవరు బలమైన ఆలోచన పంపితే ఆ చోటు వారిదట. ఆ చోటు నాకు కావాలి. ఎంత కావాలంటే, రాత్రి భోజనంలో కూరేమిటో కూడా గుర్తుండేది కాదు.

"బావకు చూపియ్యి, దిద్దుతడు" అంది అక్క. చూపించాను. ఆయన అరుగు మీద ఇద్దరు తోటి మాస్టర్లను కూర్చోబెట్టుకుని, నా జాబితాను గొంతెత్తి చదివాడు. బొగ్గు, వరి, రైలు జంక్షను, గోదావరి, ఇలా పద్నాలుగు.

"ఇది జాబితానా, కిరాణా చీటీనా బామ్మర్దీ? బొగ్గును ఎవరన్న చదువుతరా? కాలుస్తరు గని."

మాస్టర్లు తొడలు చరుచుకుని నవ్వారు. ఆయన ఎర్ర పెన్సిలుతో పద్నాలుగూ ఒకే గీతతో కొట్టేసి, "గివన్ని పేర్లు. గిండ్ల మనిషేడి? గా మనిషికి భయమేంది? గది చెప్పకుంటే నీ కొలతలు నీ దగ్గర్నే పెట్టుకో" అన్నాడు. ఆ మనిషి మీద నాకున్న కోపమంతటిలో ఎక్కువ భాగం ఇందుకే: ఆ మాట నిజం. నాకు పనికొచ్చిన ఒకే ఒక్క పాఠం నన్ను చూసి నవ్విన నోటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

తిరిగి వచ్చి రెండు వారాలు మనుషుల కోసం వెతికాను. ఒక సాయంత్రం షిఫ్టు దిగాక దీపాల గది కిటికీ దగ్గర ఒక ఆడమనిషి కనిపించింది. గనిలోకి దిగే ప్రతి కార్మికుడికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఆ గదిలో అదే నంబరుతో బోర్డు మీద మేకు ఉంటుంది. "తాతా, నూట పన్నెండు జర చూడు" అని ఆమె అడిగింది. దీపాలిచ్చే ముసలాయన బోర్డు వైపు చూసి, "ఇంటికి పోయిండు బిడ్డా, తొవ్వల ఎదురైతడు పో" అన్నాడు. ఆ మాట విన్నాకే ఆమె చేతులు కిటికీ చువ్వలు వదిలిన తీరు చూశాను. మనిషి దొరికింది, భయమూ దొరికింది. వెంటనే నేనుండే గదికి వెళ్ళి ఒక్క పేజీ రాశాను: కార్మికుడు బిళ్ళను వెంట తీసుకుని దిగుతాడు, అతని మేకు ఖాళీగా ఉంటుంది, షిఫ్టు ముగిశాక కూడా ఖాళీగా ఉన్న మేకును చూస్తూ నిలబడ్డ భార్య కథే ఈ వ్యాసం.

ఈసారి బావ నవ్వలేదు. రెండుసార్లు చదివాడు. నస్యం పీల్చడం కూడా మరిచాడు. కాగితం మడిచి ఎడమ జేబులో పెట్టుకుని, "నా దగ్గర ఉండనియ్యి. నా ఉత్తరంతోని పోతే సంపాదకుడు జర మంచిగ చూస్తడు" అన్నాడు. నేను నమ్మాను. రైల్లో తిరిగి వస్తూ నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో వేలితో కిటికీ అద్దం మీద రాసుకున్నాను.

తరువాతి నెల వ్యాసం వచ్చింది. పేరు 'ఖాళీ మేకు'. కింద బావ పేరు. ఆ చోటు ఆయనకే ఇచ్చినట్టు పక్కనే అచ్చు వేశారు. పాపం, బాగా రాశాడు; దొంగకు చెయ్యి తిరిగి ఉంది. పత్రిక పట్టుకుని దీపాల గదికి వెళ్ళేసరికి అక్కడ అప్పటికే ఎవరో గట్టిగా చదువుతున్నారు, పదిమంది విరగబడి నవ్వుతున్నారు.

"సర్వే సారూ, గిది జూసిన్రా?" అన్నాడు ముసలాయన, కళ్ళు తుడుచుకుంటూ. "మనోడు బిళ్ళ నాకిచ్చి దీపం తీస్కపోతడు. మేకుకు బిళ్ళ ఉంటే లోపలున్నట్టు. ఖాళీ మేకంటే ఇంటికి పోయినట్టు. గీయన ఇంట్ల బువ్వ తినేటోని కోసం పెండ్లాన్ని ఏడిపిచ్చిండు!"

నేను నవ్వలేదు. మా సర్వే వాళ్ళకు బిళ్ళలు లేవు. రిజిస్టరులో సంతకం పెట్టి వేరే కిటికీలో దీపం తీసుకుంటాం. బిళ్ళను వెంట తీసుకుపోయే పద్ధతి నా డిప్లొమా పుస్తకంలోది. ఆ సాయంత్రం నేను ఆమె చేతులు చూశాను కానీ, బోర్డు చూడలేదు. అంగుళం తేడాకు మళ్ళీ కొలిచేవాణ్ణి, నాలుగడుగుల దూరంలో ఉన్న మేకును పుస్తకం చూసి రాశాను. తప్పు నూటికి నూరుపాళ్ళు నాది. అయినా ఆ రోజే కూర్చుని సంపాదకుడికి ఉత్తరం రాశాను. వ్యాసంలోని ఏడు పొరపాట్లు, నంబర్లు వేసి. వాటిలో అయిదు నా పేజీలోవే. ఆ సంగతి మాత్రం రాయలేదు. ఉత్తరం అచ్చయింది. ఆ చోటు బావ నుంచి నాకు వచ్చింది.

తరువాత పెద్దపల్లి వెళ్ళినప్పుడు బావ నన్ను గుమ్మంలోనే ఆపాడు. ఎడమ జేబులోంచి నా కాగితం తీశాడు.

"గిది ఎవని రాత?"

"నాదే."

"మేకు ఖాళీ అని రాసిందెవడు?"

"నేనే."

"మరి గా ముచ్చట సంపాదకునికి రాయకపోతివేంరా?"

"మీరు రాయున్రి బావా. కాగితం మీ దగ్గర్నే ఉన్నది గద."

ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచి ఎడమ జేబులోనే పెట్టుకున్నాడు. ఆ కాగితం పంపితే నా తప్పు బయటపడుతుంది. కాగితం తన జేబులోకి ఎలా వచ్చిందో అదీ బయటపడుతుంది. అక్క వంటింట్లోంచి గరిట పట్టుకుని వచ్చి, "ఒకడు దొంగతనం చేసిండు, ఒకడు తప్పు జేసి మీదికెళ్లి చాడీ చెప్పిండు. ఇద్దరికి అన్నం మాత్రం నేనే వండాలె. దొడ్డోళ్ళే మీరు!" అంది. తిన్నాం, వేరువేరు గదుల్లో. అప్పటినుంచి ఏ శుభకార్యంలోనూ ఒకే పంక్తిలో కూర్చోలేదు.

నిన్న ఇచ్చోడ పంతులు లేచి వెళ్ళబోతుంటే ఆపి కూర్చోబెట్టాను. పత్తి ఏరే మనిషి ఎవరు, ఆమెకు ఏ భయం ఉంది అని అడిగాను. ఏదో చెప్పబోయాడు. "చూసినవా, విన్నవా, పుస్తకంల చదివినవా?" అన్నాను. "విన్న సారూ" అన్నాడు. అయితే పోయి చూసి రమ్మన్నాను. కాగితం నా దగ్గర ఉంచుకోమని బతిమాలాడు. ఆయన చేతిలోనే పెట్టి పిడికిలి మూశాను. అది మంచితనమేమీ కాదు. అలాంటి కాగితం జేబులో ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.

పోయిన నెల అక్క రాసిన కార్డులో చివరన ఒక వాక్యం ఉంది: బావ పెట్టెలో నీ కాగితం ఇంకా ఉంది, మడతల దగ్గర చినిగితే ఆయనే గంజి పెట్టి అతికించుకున్నాడు, పసుపుపచ్చగా అయిపోయింది అని. ఏడేళ్ళలో ఆ కాగితానికి వయసు వచ్చింది. మా కోపానికి మాత్రం ఇంకా రాలేదు.