‘ఏ’కి మొన ఏదీ?

నిన్న అరకులో కాఫీ పొట్లం చేతిలోకి తీసుకుని పకపకా నవ్వేశాను. దాని మీది ఇంగ్లీషు అక్షరాలకి ఎక్కడా మూలల్లేవు. ‘ఏ’ నెత్తి కూడా బోర్లించిన కుండలా నున్నగా ఉంది.

చింతపల్లి బళ్లో, మూడో తరగతిలో, “అక్షరాలు గుండ్రంగా రాయండర్రా” అనేవారు మా మాస్టారు. ఆ మాట తెలుగుకేనని నాకేం తెలుసు? ఇంగ్లీషు ఏబీసీడీల మూలలు కూడా గుండ్రం చేసేశాను.

“ఇదేటే గుంటా, ‘ఏ’కి మొన ఏదీ?” అన్నారు.

“మీరే కదండీ గుండ్రంగా రాయమన్నారు!”

క్లాసంతా నవ్వింది. మాస్టారు పలక మీద పెద్ద సున్నా పెట్టారు. ఏడ్చాను గానీ, అక్షరాలు మాత్రం చెరపలేదు.

ఇప్పుడు సాలూరులో ఉంటున్న మాస్టారికి ఆ పొట్లం ఫొటో పంపాను. బేగి జవాబొచ్చింది: “ఆ సున్నా ముందు ఒకటి ఎట్టుకోవే గుంటా. పదికి పది.”