బెర్నీ చూడకూడని ఆటలు

హామర్స్ జట్టు ఓడిపోయిందని ఓర్టన్ హార్బర్‌లో ఎవరూ ఏడవరు. ఏడ్చే ఓపిక వాళ్ళ తాతల కాలంతోనే అయిపోయింది. ఆడేది బంతిని చేత్తో పట్టుకు పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. పేరుకు సుత్తులు, తినేవి మాత్రం దెబ్బలు. ఏటా సెప్టెంబరులో ఆశ మొలకెత్తుతుంది, సరస్సు మీద నుంచి మొదటి చలిగాలి వీచేసరికి మాడిపోతుంది. అయినా ఆదివారం వచ్చిందంటే ఊరు ఊరంతా నారింజరంగు టోపీలు పెట్టుకుని స్టేడియం దారి పడుతుంది. సిగ్గు లేదా అంటే, లేదు మరి.

బెర్నీ కోవాలిక్‌కి అసలే లేదు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టే మనిషి. పదేళ్ళ పిల్లప్పుడు తండ్రి పక్కన కూర్చున్న సీటే ఈనాటికీ ఆమెది. పై అంతస్తులో, గాలికి ముక్కు ఊడిపోయే చోట. కట్టుకున్నవాడు ఒకసారి ఆట సగంలో లేచి, ఎలాగూ ఓడేదే కదా పోదాం పద అన్నాడు. నువ్వెళ్ళు అంది. వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆమె కోరిక ఒక్కటే: హామర్స్ ఒక పెద్ద ఆట గెలుస్తుంటే ఆ సీట్లో కూర్చుని తన కళ్ళతో చూడాలి. తండ్రికీ అదే కోరిక ఉండేది, తీరకుండానే పోయాడు.

ఈ ఏడు వేసవి చివర్లో డాక్టర్లు ఆమె మోకాలు తీసి ఉక్కుది పెట్టారు. మొదటి ఆటలకు వెళ్ళలేకపోయింది. హామర్స్ గెలిచారు! తర్వాతిదానికి చేతికర్రలతో మెట్లన్నీ ఎక్కి వెళ్ళింది. చిత్తుగా ఓడారు. మళ్ళీ ఇంట్లో పడుకుంది, మళ్ళీ గెలిచారు. టీవీలో ఓరకంట చూసిన రోజున మళ్ళీ ఓటమి. కాకి వాలింది, తాటిపండు రాలింది అని తోసెయ్యవచ్చు. కానీ ఓడి ఓడి ఉన్న ఊళ్ళో అలా తోసేసేదెవరు?

తమ్ముడు గస్ తేల్చేశాడు.

"అక్కా, నీది ఐరన్ లెగ్. మాటవరసకి కాదు, డాక్టరే పెట్టి పంపాడు."

"నోర్ముయ్‌రా! ఇన్నేళ్ళూ ఓడినప్పుడు నా మోకాలు మామూలుదేగా?"

"అప్పుడు మాత్రం? నువ్వు చూస్తూనే ఉన్నావుగా!"

నిజం చెప్పాలంటే, ఆ మాట బెర్నీ మనసులో అంతకు ముందే పడి ఉంది.

అప్పటి నుంచి ఒక ఏర్పాటు. ఆటకు ముందు పార్కింగ్ స్థలంలో ట్రక్కుల వెనక పొయ్యిలు వెలిగించి వండుకు తింటారు కదా, అక్కడి వరకు బెర్నీ వస్తుంది. సాసేజీలు కాలుస్తుంది, బంగాళదుంప కూరిన పియెరోగీలు వెన్నలో వేయించి వరసగా అందరికీ వడ్డిస్తుంది. ఆట మొదలవగానే అంతా లోపలికి, ఆమె గస్ ట్రక్కులోకి. స్టేడియానికి వీపు పెట్టి, రేడియో కట్టేసి కూర్చుంటుంది. పైన ఆమె సీట్లో ఆమె టోపీ ఉంటుంది. దాన్ని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి టీవీవాళ్ళు ఆ టోపీని చూపించారు, దాంతో ఊరంతటికీ తెలిసిపోయింది.

హామర్స్ గెలుస్తూనే పోయారు. ఎవరనుకున్నారు? ముసలాడని పక్క ఊరు విదిలించుకున్న డెల్ అనేవాడు ముందుండి ఆడిస్తున్నాడు. బంతిని తన్నే కుర్రాడు నిరుటిదాకా ఇళ్ళ పైకప్పులు వేసుకున్నవాడు. ఏరి పారేసిన గింజలన్నీ ఒకచోట మొలిచినట్టు మొలిచారు. చర్చిలో పాదిరి గారు కూడా ఆట వేళకి ప్రార్థన త్వరగా ముగించేవారు. బెర్నీ ట్రక్కులో కూర్చుని వెనక నుంచి వచ్చే హోరు వింటూ, ఇది మన ఊరేనా అని ఆశ్చర్యపోయేది.

సెమీఫైనల్ సొంత మైదానంలోనే పడింది. గెలిస్తే ఫైనల్. ఆ రోజు మంచు కురుస్తోంది. లోపలికి వెళ్ళేవాళ్ళను చూస్తూ బెర్నీ మొదటిసారి ఏడ్చింది. ఎవరికీ కనబడకుండా పొగ వైపు తిరిగింది.

ఆట చివరికొస్తుండగా ట్రక్కు తలుపు దబదబా మోగింది. గస్. రొప్పుతున్నాడు.

"దిగక్కా. తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం, టైమ్ లేదు. ఇంక ఐరన్ లెగ్గూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నువ్వు నీ సీట్లో ఉండాలి."

"నా వల్లే ఓడారంటార్రా."

"ఓడేదానికి నీ వల్లేంటి? రా. కలిసే ఓడదాం. మనకేమన్నా కొత్తా?"

గేటు దగ్గర టికెట్లు చూసే ఆవిడ బెర్నీని ఎగాదిగా చూసింది. "టోపీ ఆవిడవి నువ్వేగా? అమ్మా, నీకు దండం పెడతా, ఇంటికెళ్ళిపో."

"తొమ్మిది వెనకున్నాం తల్లీ," అన్నాడు గస్. ఆవిడ నిట్టూర్చి దారి ఇచ్చింది.

సగం మెట్లు ఎక్కారో లేదో, స్టేడియం ఒక్కసారిగా గర్జించింది. కాళ్ళ కింద సిమెంటు వణికింది. హామర్స్‌కి ఏడు పాయింట్లు! ఇంక తేడా రెండే.

"చూశావా? నేను రాకముందే చేశారు! నేను దిగిపోతా," అని బెర్నీ వెనక్కి తిరిగింది. గస్ ఆమె కోటు పట్టుకుని పైకి లాక్కుపోయాడు.

ఆమెను చూడగానే వరస వరసంతా చప్పబడింది. పక్క సీటు వాల్టర్, చిన్నప్పటి నుంచీ తోటివాడు, టోపీ మీది మంచు దులిపి ఆమె తలకు పెట్టాడు. "కూర్చో బెర్నీ," అన్నాడు. మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

బంతి మళ్ళీ హామర్స్ చేతికొచ్చింది. డెల్ దాన్ని గజం గజం ముందుకు తీసుకొచ్చాడు. చివరి క్షణాలు. ఇంక పైకప్పుల కుర్రాడు తన్నడమే మిగిలింది. ఆ మంచులో, అంత దూరం నుంచి, రెండు పసుపు స్తంభాల మధ్యగా వెళ్ళాలి. వెళితే మూడు పాయింట్లు, ఫైనల్. ఊరంతా అక్కడే ఉంది. బతుకంతా ఎదురుచూసింది దీనికోసమే అని బెర్నీకి తెలుసు. కుర్రాడు అడుగు వేశాడు. బెర్నీ కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

భూమి బద్దలైనట్టు కేక. ఎవరో మీద పడ్డారు. గస్ ఆమెను వాటేసుకుని ఊపేస్తున్నాడు. "గెలిచాం! చూశావా అక్కా?"

"లేదురా. కళ్ళు మూసుకున్నా. నేను చూడకపోతేనేం, వాళ్ళు గెలిస్తే చాలు. నువ్వు చెప్పు, ఎలా వెళ్ళింది?"

గస్ ఆమెను ఊపడం ఆపాడు. "నేనూ మూసుకున్నానే."

"నువ్వెందుకురా?"

"ఆ ఐరన్ లెగ్ నాదేమోనని... మొదటి నుంచీ భయమే. నీ మీదికి తోసేశా."

ఇద్దరూ వాల్టర్ వైపు తిరిగారు. "నన్నడక్కండి," అన్నాడతను. వాల్టర్ పక్కావిడ అటు తిరిగిపోయింది. ఆ వెనకాయన బూట్లు చూసుకున్నాడు. ఆ వరసలో చూసినవాడు ఒక్కడూ లేడు.

కింది వరసలో ఆకుపచ్చ కోటు వేసుకుని, అవతలి జట్టు అభిమాని ఒకడు తల పట్టుకు కూర్చున్నాడు. బెర్నీ వంగి అతని భుజం తట్టింది.

"బాబూ, మా బంతి ఎలా వెళ్ళింది?"

ఎగతాళి అనుకుని అతను మొహం చిట్లించాడు. తన వైపే చూస్తున్న ఆ కళ్ళన్నీ చూశాక తగ్గాడు. "నట్టనడుమ నుంచి వెళ్ళింది."

"గాల్లో ఉన్నప్పుడో?"

అతను లేచి నిలబడి చెయ్యి చాపాడు. "అదిగో, అక్కణ్ణుంచి. ముందు పక్కకి పోతుందనిపించింది. గాలి దాన్ని మళ్ళీ లోపలికి తోసింది. మంచులో అలా తిరుగుతూ, తిరుగుతూ... అలా తన్నినోణ్ణి నా జన్మలో చూళ్ళేదమ్మా."

వరసంతా అతని వేలు చూపిన చోటికే నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. బెర్నీకి కన్నీళ్ళు ఆగలేదు.

"ఇంకోసారి చెప్పవూ," అంది.

అతను మొహం తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.