మూత లోపల చీటీ

ఒక మనిషి నిజాయితీ ఇంకో మనిషి పళ్లు రాలగొడితే ఆ నిజాయితీని ఏమనాలి? ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

నా అద్దె పుస్తకాల కొట్టు పక్కనే అతని కంప్యూటర్ రిపేరు కొట్టు ఉండేది. చెవి మీద ఎప్పుడూ స్క్రూడ్రైవరు పెట్టుకు తిరిగేవాడని వీధంతా అతన్ని స్క్రూ బాబాయ్ అనేది. నోరు పెద్దది, చెయ్యి శుభ్రం. బాగుచేసిన ప్రతి లాప్‌టాప్ మూత లోపల, అందులోంచి తాను తీసేసినవన్నీ వరసగా రాసి చీటీ అంటించేవాడు.

"చెప్పకుండా తీస్తే దొంగకీ నాకూ తేడా ఏముంది మేష్టారూ?" అనేవాడు నాతో.

ఓ గురువారం మధ్యాహ్నం కళ్లద్దాల షాపులో పనిచేసే అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"ఊరికే కాలిపోతోంది బాబాయ్, దీంతో చీరలు ఇస్త్రీ చేసుకోవచ్చు."

అతను గంటసేపు తవ్వాడు. కంటికి కనిపించకుండా ఓ ప్రోగ్రాం నడుస్తోంది. ఆమె కొట్టే ప్రతి అక్షరాన్నీ, పావుగంటకోసారి తెర బొమ్మనీ బయటికి పంపుతోంది.

"ఇది ఎవరు కొనిచ్చారమ్మా?"

"మా ఆయన."

"నువ్వు రాసేదంతా ఆయన చదువుతున్నాడు తల్లీ."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "అందుకా!" అని మెడ మీది కొంగు జరిపింది. నల్లగా కమిలిన వేళ్ల గుర్తులు. అక్కకి ఏ మాట రాసినా ఆ సాయంత్రమే దానికి జవాబు తన ఒంటిమీద పడేదట. సోమవారం బస్సెక్కి అక్క దగ్గరికి పారిపోవాలనుకుంటోంది. టికెట్టు ఇంకా తీసుకోలేదు.

"కూకటివేళ్లతో పీకెయ్ బాబాయ్."

పీకేశాడు. ఏమీ మిగల్లేదని మూడుసార్లు వెతికాడు. పాస్‌వర్డులు మార్పించాడు. ఆమె అక్కడే కూర్చుని టికెట్టు తీసుకుంది.

"ఆగిపోతే ఆయనకి తెలీదా?"

"చెడిపోయిందనుకుంటాడులే. నాలుగు రోజులేగా!"

ఆ మాట అంటూనే, చేతి అలవాటుకొద్దీ చీటీ రాసి అంటించాడు. ఐదో వరస: అక్షరాలు దొంగిలించే ప్రోగ్రాం, తీసేశాను. ఆమె మూత తెరవకుండానే సంచీలో పెట్టుకుంది. నేను అక్కడే ఉన్నాను. నాకూ తట్టలేదు.

మర్నాడు పదింటికి మొగుడు ఇనప రాడ్డుతో దిగాడు. "ఎవడ్రా నా ఇంట్లో వేలు పెట్టింది?" అంటూనే కొట్టాడు. తెరలు భళ్లుమన్నాయి. బల్ల మీదున్న బాబాయ్ కుడిచేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఎముక విరిగిన చప్పుడు నా కొట్లోకి వినిపించింది. పరుగెత్తుకొచ్చాను. ఆ రాడ్డుకి అప్పటికే ఎండిన నెత్తురూ, నాలుగు పొడుగు వెంట్రుకలూ అంటుకుని ఉన్నాయి. బాబాయ్ వాటినే చూస్తున్నాడు.

"ఆ పిల్లేదిరా?"

"నువ్వు రాసింది దానిచేతే చదివించాన్లే. వరసకో దెబ్బ."

బాబాయ్ ఎడంచేత్తో యూపీఎస్ పెట్టె ఎత్తి వాడి దవడ మీద వేశాడు. పడ్డవాడి మీద మళ్లీ వేశాడు. మూడోసారి ఎత్తితే నేను చెయ్యి పట్టుకున్నాను.

"వదలండి మేష్టారూ!"

"ముందు ఆ పిల్ల బతికుందో లేదో చూద్దాం పద."

వీధివాళ్లు వాణ్ణి పట్టుకుని పోలీసులకి కబురు చేశారు. రసీదు పుస్తకంలో ఆమె చిరునామా చూసుకుని మేం పరుగెత్తాం. స్నానాల గదికి బయట గడియ పెట్టి ఉంది. తీశాం. గోడకి చేరగిలబడి ఉంది. ముందు పళ్లు నాలుగు లేవు. మణికట్టు తిరిగిపోయింది. ఊపిరి మాత్రం ఉంది.

సోమవారం బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. మూడు వారాల తర్వాత అక్క వచ్చి ఆసుపత్రి నుంచే తీసుకెళ్లింది. ఆ రోజు బాబాయ్ చేతి కట్టుతో వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నా వల్లేనమ్మా."

ఆమె దవడకి కట్టు ఉంది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది. అక్క "పదవే, ఆటో ఆగుంది" అనగానే తల దించుకుని మెట్లు దిగింది. అది క్షమించడమో కాదో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఆ వారమే కొట్టు ఖాళీ చేశాడు. ఆఖరి పొద్దున నేను షట్టరు ఎత్తుతుంటే భుజాన సంచీతో నా ముందునుంచే నడిచాడు.

"టీ తాగి వెళ్లవయ్యా," అన్నాను.

ఆగలేదు. తల తిప్పలేదు. మందుల షాపు దాటి మలుపు తిరిగాడు.