ఎవరెవరొచ్చారండీ?

డెబ్బైల చివర్లో, విజయవాడలో మా ఆఫీసు కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాము నేనొకటి రాశాను, నాతోపాటు పనిచేసే ఆవిడొకటి రాసింది. పొద్దున్నే గదిలోకి వస్తూనే "ఎవరెవరొచ్చారండీ?" అని అడిగి గానీ ఆవిడ కూర్చునేది కాదు. కళ్లెదుట ఉన్నవాళ్లని అడగడమేంటని నాకు ఒళ్లు మండేది.

కంప్యూటర్‌కి ఏయే యంత్రాలు తగిలించి ఉన్నాయో నా ప్రోగ్రాములో ముందే రాసిపెట్టేశాను. ఓ రోజు వాటిలో ఒకటైన కార్డు రీడరు మరమ్మతుకెళ్తే, అది లేదని తెలియక నాది ఆగిపోయింది. ఆవిడది మొదలవుతూనే ఒక్కో యంత్రాన్నీ పలకరించి, పలకనిదాన్ని వదిలేసి పని సాగించింది.

"ఇకమీదట ఆవిడదే వాడదామండీ," అన్నారు ఆఫీసరుగారు.

నేను లేక ఆవిడ తంటాలు పడాలని, అసూయ కొద్దీ మర్నాడు సెలవు పెట్టి వన్‌టౌన్‌లో ఇంటిపట్టునే కూర్చున్నాను. తర్వాత అటెండరు చెప్పాడు:

"మేడంగారు మిమ్మల్ని ఓసారి పిలిచారండీ. పలక్కపోయేసరికి పనిలోకి దిగిపోయారు."