శ్రీమతి అనే మాట కోసం

వెర్నెల్ టోల్స్ వారంలో ఆరు రోజులు లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఆదివారం పొద్దున పశువుల దాణా కొట్టు వెనకున్న రేకుల షెడ్డులో కూర్చుని, మా అలబామా ఊరి రేడియోలో సువార్త పాటలు వేసేది. 1961లో ఆ స్టేషన్ మా నల్లవాళ్ళకు ఇచ్చింది ఆ ఒక్క గంటే.

పాటల మధ్య ఆ వారం పోయినవాళ్ళ పేర్లు చదివేది. పేపర్లో మాకు చోటుండేది కాదు కాబట్టి, అంత్యక్రియలు ఏ చర్చిలోనో, ఎన్నింటికో ఆమె నోటే వినాలి. డెబ్బై ఏళ్ళు నిండినా మా ఆడవాళ్ళను తెల్లవాళ్ళు ఉత్త పేరు పెట్టి పిలిచే రోజులవి. రేడియోలోనూ అదే రివాజు. మార్చిలో మా బడి పంతులమ్మ పోయింది. వెర్నెల్ మైకు దగ్గరకు జరిగి, "శ్రీమతి ఐడెల్లా క్రెన్‌షా గారు ప్రభువునందు నిద్రించారు" అంది.

పాట మొదలవగానే స్టేషన్ యజమాని హాస్క్యూ తలుపు తోసుకొచ్చాడు.

"శ్రీమతి ఏంటి? ఐడెల్లా అంటే చాలదూ?"

"ఆవిడ నాకు అక్షరాలు నేర్పారు సార్. నా నోట అలా రాదు."

"అయితే వచ్చే వారం నువ్వూ రానక్కర్లేదు."

పాట అయ్యేదాకా కూర్చుని, రికార్డు కవర్లో పెట్టి, ఆమె బయటికొచ్చేసింది.

చర్చి మెట్ల మీద, మా ఆడవాళ్ళలో పెద్దదైన లుటీషా అక్క వెర్నెల్‌ను దులిపేసింది. "ఆ ఒక్క ముక్కా మింగేస్తే ఏం పోయేదే? ఉన్న గంటా పోగొట్టావు!"

"మింగీ మింగీ కడుపు నిండిపోయిందక్కా. ఇక చోటు లేదు."

ఆ గంట నడిచేది ఒక గోధుమపిండి మిల్లు ప్రకటనల మీద. మర్నాడు ఆ పిండి కొనడం మొదట మానేసింది లుటీషా అక్కే. తర్వాత మూడు చర్చిల ఆడవాళ్ళమూ మానేశాం. రోజూ మొక్కజొన్న రొట్టేనా అని మా ఆయన సణిగితే, "వెర్నెల్ గొంతు వినపడిన రోజున గోధుమపిండి బిస్కట్ రొట్టెలు చేస్తా" అన్నాను.

పిండి అమ్ముడవక మిల్లువాళ్ళు ప్రకటనలు ఆపేస్తామంటే, పదకొండు వారాలకు హాస్క్యూ లాండ్రీకి వచ్చాడు.

"ఆదివారం రా."

వెర్నెల్ ఇస్త్రీ ఆపలేదు. "పేర్లు ఎలా చదవాలి సార్?"

"నీకెలా కావాలంటే అలా చదువు."

"మాట మీద ఉంటారా?"

"ఉంటానన్నాగా!"

ఆ ఆదివారం ఆమె ముందు పాట వేయలేదు. పదకొండు వారాల్లో పోయిన పందొమ్మిది మంది పేర్లూ వరసగా చదివింది. ఆరో పేరు మా అత్తగారిది. బతుకంతా పరాయి వంటిళ్ళలో 'డోవీ' అంటే పలికిన మనిషి. "శ్రీమతి డోవీ మే ఆర్మ్‌స్టెడ్ గారు" అని వినగానే మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిగిలిన పేర్లు అయ్యేదాకా కూర్చోలేదు.

పదమూడేళ్ళ తర్వాత హాస్క్యూ స్టేషన్ అమ్మేస్తే మా మూడు చర్చిలూ కలిసి కొన్నాయి. అప్పటినుంచి పొద్దస్తమానం సువార్త పాటలే. వెర్నెల్ లాండ్రీ మానేసి మేనేజరయింది. ఇరవై రెండేళ్ళు ఆ పని చేసింది.